తాడు పట్టినవారి వాటా

రెండు వేల ఇరవై నాలుగు, ఆగస్టు పదకొండు, ఆదివారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది పక్కింటి స్వాతి పంపిన నెత్తళ్ళ వేపుడు, చారు, బాగా మెత్తబడిన అన్నం. అన్నం నేను వండుకున్నాను కాబట్టి మెత్తబడింది. నెత్తళ్ళు మాత్రం కరకరలాడుతూ ఉన్నాయి. అండమాన్‌లోని లంబాలైన్ పేట‌లో మా ఇంటి మీదుగా విమానం దిగేటప్పుడు వంటగదిలో గిన్నెలు సన్నగా మోగుతాయి. ఆ మోత వినబడగానే నా భార్య బేబీరాణి మూతల మీద చెయ్యి పెట్టేది, నిద్రలో కదిలిన పిల్లల మీద పెట్టినట్టు. ఆ రోజు నేనూ పెట్టాను. తర్వాత ఒక కునుకు తీసి, సాయంత్రం గోల్ ఘర్ సెంటర్‌లో మా తెలుగువాళ్ళ హాలుకు బయల్దేరాను.

హాల్లో పిల్లల కోసం ఒక చిన్న సినిమా వేస్తున్నారు. తీసింది వండూర్ అమ్మాయి, పేరు శ్రావణి. అక్కడి జెట్టీ నుంచి టూరిస్టులకు పగడాలు చూపించడానికి తీసుకువెళ్ళే, అడుగున అద్దాలున్న పడవలో ఉద్యోగం చేస్తుంది. సినిమాలో నటించే మనుషులు లేరు. కింద నుంచి వెలుగు పడే గాజు పలక మీద ఇసుక పోసి, వేళ్ళతో బొమ్మ గీసి, ఫోటో తీసి, చెరిపి, మళ్ళీ గీసి, ఆ ఫోటోలన్నీ కలిపి తీసిందట.

కళ్ళజోడు మసకగా ఉన్నందువల్లో, ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతున్నందువల్లో, అదంతా నాకు సగం నిద్రలో చూసినట్టే ఉంది. ఇసుక అలై లేచింది. అల విరిగి ఒడ్డయింది. ఒడ్డు మీద నుంచి ఒక తాబేలు, వీపు మీద చిన్న దీపంతో, నీళ్ళలోకి దిగింది.

నేను నిటారుగా కూర్చున్నాను.

ఆ తాబేలు నాకు తెలుసు. బేబీరాణి అల్లిన కథలోది. ఆమె చిన్నపిల్లల బడిలో టీచరు. అన్నాలు తిన్నాక పిల్లలను నిద్రపుచ్చడానికి తనే కథలు కల్పించి చెప్పేది. అందులో ఇదొకటి. చీకట్లో దారి తప్పిన పడవలకు ఒడ్డు చూపించడానికి ఒక తాబేలు వీపు మీద దీపం మోసుకుంటూ తిరుగుతుంది. ఒక తుఫానులో దీపం ఆరిపోతుంది. నిప్పు కోసం తాబేలు సముద్రం అడుగుకు వెళుతుంది. ఊరి పిల్లలు ఒడ్డున కూర్చుని ఎదురుచూస్తారు. తాబేలు రాదు. కాని అమావాస్య నాడు ఒక పిల్ల నీళ్ళలో చెయ్యి పెడితే వేళ్ళ చుట్టూ నీలంగా వెలుగు మెరుస్తుంది. తాబేలుకు నిప్పు దొరికింది, దాన్ని సముద్రమంతా పంచిపెట్టింది, ఇంక ఇళ్ళకు పోయి పడుకోండి అని ఒక ముసలావిడ పిల్లలతో అంటుంది. అదీ కథ. మా దీవుల దగ్గర చీకటి రాత్రుల్లో నీళ్ళు నిజంగానే అలా మెరుస్తాయి.

ఆమె పోయి మూడేళ్ళయింది. ఆమె తన చేత్తో రాసిపెట్టుకున్న ఆ కథను తర్వాత విశాఖపట్నంలో చిన్న పుస్తకంగా అచ్చు వేయించి, ఆమెను ఎరిగిన ఇళ్ళన్నిటికీ ఇచ్చాను. అట్ట మీద ఒక దీపం బొమ్మ, ఆమె పేరు, అంతే. రాత్రి తలుపు వేసే పని మా ఇంట్లో ఎప్పుడూ ఆమెదే. ఇప్పుడు ఆ పని చేయాల్సి వచ్చినప్పుడల్లా, ఇంక పోయి పడుకోండి అన్న ఆ ముసలావిడ మాట తలుచుకుని గడియ పెడతాను. అలా తలుచుకోకపోతే గడియ మీద చెయ్యి ఆగిపోతుంది, ఇంకా ఎవరో రావలసి ఉన్నట్టు.

తెర మీద తాబేలు తిరిగి వచ్చింది. తెల్లవారుతుండగా, వీపు మీద దీపం లేకుండా, అలసిపోయి వచ్చింది. పిల్లలు నీళ్ళలోకి పరుగెత్తి దాన్ని ఒడ్డుకు తెచ్చుకున్నారు. ఆఖర్న హిందీ అక్షరాల్లో ‘అండమాన్ తెలుగువాళ్ళ పాత జానపద కథ’ అని పడింది. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. బొమ్మలు బాగున్నాయి మరి. తర్వాత చెప్పులు వెతుక్కుని, ఎవరితోనూ మాట్లాడకుండా బయటికి వచ్చేశాను. ఆ సినిమాను మెయిన్‌ల్యాండ్‌లో జరిగే పిల్లల సినిమా పండుగకు పంపబోతున్నారని మైకులో చెప్పడం మెట్ల దగ్గర వినబడింది.

మర్నాడు ఉమేష్ దగ్గరికి వెళ్ళాను. గోల్ ఘర్‌లోనే మందుల షాపు పైన చిన్న గదిలో ప్రాక్టీసు చేస్తున్న లాయరు. బేబీరాణి దగ్గర చదువుకున్నవాడు. పుస్తకం చేతికిస్తే మొదటి వాక్యం అక్షరం అక్షరం కూడబలుక్కుని, నవ్వేసి, నన్నే చదవమన్నాడు. ఇక్కడ పుట్టిన పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, చదవడం దగ్గరికి వచ్చేసరికి చాలామందికి హిందీయే దిక్కు. నేను చదువుతుంటే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నాడు. ఆఖరుకు వచ్చేసరికి అతని ముఖం చిన్నబోయింది.

“ఇలా అయిపోతుందా కథ? నాకు తెలీనే తెలీదు అంకుల్. టీచర్ చెప్తుంటే తుఫాను వచ్చేలోపే నిద్రపోయేవాణ్ణి.”

తర్వాత చట్టం సంగతి చెప్పాడు. ఒకరి కథను సినిమాగా మార్చాలంటే రాసినవారి అనుమతి కావాలి. వాళ్ళు లేకపోతే వారసుల అనుమతి కావాలి. రాసినవారు పోయాక కూడా అరవై ఏళ్ళ పాటు ఆ హక్కు నిలుస్తుంది. దీపం మోసే తాబేలు అన్న ఊహ ఒక్కటే అయితే అది ఎవరి సొత్తూ కాదు. కాని ఆ తుఫాను, ఒడ్డున పిల్లలు, ముసలావిడ, అన్నీ అదే వరసలో తీసుకుంటే అది టీచర్ కథే. ఇసుక బొమ్మలు ఆ అమ్మాయివి, వాటిని ఎవరూ కాదనలేరు. అయితే కింద ఉన్న కథకు నేను సరే అనకపోతే పైన ఉన్న బొమ్మలు కదలలేవు.

“మీకేం కావాలి అంకుల్? టీచర్ పేరు వెయ్యడమా, సినిమా ఆపెయ్యడమా?”

“ఆఖరు మార్చాలి. తాబేలు రాకూడదు” అన్నాను.

ఉమేష్ లేచి వాన జల్లు పడుతున్న కిటికీ మూశాడు. కథ వికారంగా మారిందని వారసులు అభ్యంతరం చెప్పవచ్చని, అది నిలుస్తుందో లేదో తర్వాతి సంగతని, అసలు అనుమతి ఇవ్వకపోవడం మాత్రం పూర్తిగా నా ఇష్టమని అన్నాడు. నోటీసు ఎప్పుడైనా పంపవచ్చు, ముందు ఆ అమ్మాయితో ఒకసారి మాట్లాడండి అన్నాడు. ఫీజు అడిగితే ఆ పుస్తకం తన దగ్గర ఉంచమన్నాడు.

మెట్లు దిగుతూ ఆ అరవై ఏళ్ళ గురించే ఆలోచించాను. అప్పటికి నేను ఉండను, ఆమె గొంతు విన్న పిల్లల్లో ముసలివాళ్ళు కానివారు ఉండరు. అయినా అంతకాలం ఆమె మాటకు ఒక కాపలా ఉంటుందట. చట్టంలో ఇంత దయ ఉంటుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

శ్రావణికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. అటువైపు పడవ ఇంజను చప్పుడు, ఎవరో లైఫ్ జాకెట్లు లెక్కపెడుతున్న గొంతు వినబడుతున్నాయి.

“సచ్ మే అంకుల్, నాకు తెలీదు” అంది. “అది మా నాన్నమ్మ కథ. నాన్నమ్మ చెప్పిన కథకి ఎవరైనా పర్మిషన్ అడుగుతారా?”

టీచరమ్మ పేరు ఇవాళే వేస్తానంది. జానపద కథ అన్న మాట తీసేస్తానంది. ఆఖరు మాత్రం మార్చలేనంది. తాబేలు తిరిగి వచ్చే ఆ బొమ్మ కోసమే సినిమా అంతా తీసిందట. పండుగవాళ్ళు కథ హక్కుదారు సంతకం అడిగారట, ఈ వారం దాటితే తీసుకోరట. ఆ చివరి మాట చెప్పేటప్పుడు గొంతు దాచుకోవడానికి కాస్త దగ్గింది.

మీ నాన్నమ్మ ఎవరమ్మా అని అడిగాను.

“కామమ్మ. మీ వీధికి చేపలు తెచ్చేది కదా, మీకు తెలుసు.”

తెలియకేం. తట్ట దింపి, మా మెట్ల మీద కూర్చుని, బేబీరాణితో గంటలు గంటలు మాట్లాడి, చేపల మీద ఐసు కరిగిపోతోందని తనే కంగారు పడే కామమ్మ. ఆమెకు పుస్తకం ఇచ్చింది కూడా నేనే. అంటే ఆ పుస్తకం శ్రావణి ఇంట్లోనే ఉండాలి. ఆ మాట అంటే, ఏ పుస్తకం అంకుల్ అంది. కాదు అనే మాట ఫోన్లో చెప్పడం మర్యాద కాదనిపించి, నేనే వండూర్ వస్తానని చెప్పాను.

గురువారం వాన తెరిపిచ్చింది. బస్సు దిగేసరికి శ్రావణి పడవ ఇంకా రాలేదు. కామమ్మ ఒడ్డున ఉందని ఎవరో చెబితే అటు నడిచాను. జెట్టీకి దూరంగా, కొబ్బరిచెట్లు నీళ్ళ మీదికి వాలిన చోట, అలివి వల లాగుతున్నారు. అలివి వల అంటే ఒక కొస ఒడ్డున ఉంచి, పడవలో చుట్టూ తిప్పి పరిచి, రెండు వైపులా తాళ్ళు పట్టి ఒడ్డుకు లాగే పెద్ద వల. ఆడా మగా వరసగా తాడు పట్టుకుని, ఒక అడుగు వెనక్కి, ఇంకో అడుగు వెనక్కి, నిద్రలో నడుస్తున్నట్టు లాగుతున్నారు. ఆకాశం, నీళ్ళు ఒకే బూడిదరంగులో ఉన్నాయి. మనుషులు మాత్రమే కదులుతున్నట్టుంది.

తాడు చివర్న కామమ్మ ఉంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

“ఏటి బాబూ, సూత్తా నిలబడిపోనావు? ఓ సెయ్యెయ్యి.”

ఇస్త్రీ చొక్కాతో వెళ్ళి ఆమె ముందు తాడు పట్టుకున్నాను. తడి తాడు అరచేతుల్లో బరువుగా, వెచ్చగా ఉంది. ఒక పాట లాంటి కూత మీద అందరూ వెనక్కి వాలుతుంటే నేనూ వాలాను. ఎందుకు వచ్చానో కాసేపు మరిచిపోయాను. వల సంచి ఒడ్డెక్కాక ముందు వల సొంతదారుకు, పెద్దబ్బాయి అనే ఆయనకు, వల వాటా తీశారు. తర్వాత తాడు పట్టిన ప్రతి మనిషికీ చేపలు పంచారు. కామమ్మ నా చేతిలో కానాగంతలున్న సంచి పెట్టింది.

“నేనేం లాగానమ్మా, ఊరికే పట్టుకున్నాను” అన్నాను.

“పట్టుకున్నాడా, ఏలాడిపోనాడు” అన్నాడు కామమ్మ కొడుకు అసిరయ్య, శ్రావణి తండ్రి. “వలతో పాటు ఈయన్ని కూడా మేమే లాగినామమ్మా.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

“ఒల్లకోరా” అని కొడుకును కసిరి, కామమ్మ నాతో అంది. “వల పెద్దబ్బాయిది. వల నేకపోతే సేప నేదు. అలాగని తాడు పట్టినోడికి వాటా ఇవ్వకపోతే రేపు వల ఖాళీగా వత్తాది బాబూ. తీసుకో.”

వాళ్ళ ఇంటికి వెళ్ళేసరికి మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. శ్రావణి అప్పుడే వచ్చి, తల తుడుచుకుంటోంది. సన్నగా, పొడుగ్గా ఉంది, గోళ్ళ కింద ఇంకా ఇసుక. నాకు కుర్చీ వేసి, తను గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ముందుగది గోడకు దేవుడి అర ఉంది. సింహాచలం అప్పన్న పటం, పైడితల్లి పటం. ఆ రెంటి మధ్య, ఎర్రగుడ్డ మీద, బేబీరాణి పుస్తకం. అట్ట మీది దీపానికి పసుపు రాసి కుంకం బొట్టు పెట్టి ఉంది. ఎన్ని శుక్రవారాలు పెట్టారో, బొట్టు మీద బొట్టు పడి బేబీరాణి పేరులో సగం ఎర్రబారింది.

నేను దాని వైపు చూడడం శ్రావణి చూసింది.

“అదా అంకుల్? టీచరమ్మ ఇంటి నుంచి వచ్చిన దేవుడి పుస్తకం కదా” అంది. అని, నా ముఖం చూసి ఆగిపోయింది. “కాదా?”

ఎవరి తప్పని చెప్పను? కామమ్మకు అక్షరం రాదు. శ్రావణికి తెలుగు అక్షరం రాదు. అట్ట మీద దీపం ఉంది. ఇచ్చినవాడు, ఇది మా ఆవిడ కథ అని చెప్పలేక, ఇదిగో అని చేతిలో పెట్టి కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. అలాంటిదాన్ని ఎక్కడ పెట్టాలో వాళ్ళకు తెలుసు. అక్కడే పెట్టారు.

కామమ్మ చేతులు కడుక్కుని, పుస్తకాన్ని కళ్ళకద్దుకుని నాకిచ్చింది. చదివాను. వాన రేకుల మీద మెత్తగా పడుతోంది. బయట వెలుతురు తగ్గిపోతుంటే శ్రావణి ఫోన్ టార్చి నా భుజం మీదుగా పట్టుకుంది. ముసలావిడ పిల్లలను ఇళ్ళకు పంపేసే దాకా చదివి, పుస్తకం మూశాను.

శ్రావణి టార్చి ఆర్పి నేల మీద కూర్చుంది. “నేనిది ఎప్పుడూ వినలేదు” అంది. “ఇది వింటే నిద్రొస్తది అంకుల్. నాన్నమ్మది వింటే లేచి పరుగెత్తాలనిపిస్తది.” మళ్ళీ తనే నెమ్మదిగా అంది. “మీరు వద్దంటే పంపను. సీదా చెప్పండి.”

చెప్పాలనే వచ్చాను. నోరు తెరిచాను కూడా. కాని ముందు కామమ్మను అడగాలనిపించింది, ఆ ఆఖరు ఎందుకు మార్చావని.

శ్రావణి చిన్నపిల్లగా ఉన్నప్పుడు అసిరయ్య పడవ ఇంజను చెడి సముద్రం మీదికి కొట్టుకుపోయిందట. వెతకడానికి వెళ్ళినవాళ్ళు ఉత్త చేతులతో తిరిగి వచ్చారట. పిల్ల అన్నం మానేసింది. బేబీరాణి దగ్గర విన్న తాబేలు కథ చెబుతూ అన్నం పెడుతుంటే, రాదు అనే చోట పిల్ల ముద్ద నోట్లోనే ఉంచుకుని చూసిందట.

“నానేటి సేసేది బాబూ? వచ్చేసింది అనీసినాను. పిల్ల మింగింది.”

తర్వాత అసిరయ్య వచ్చాడు. ఏదో ఓడవాళ్ళు చూసి ఎక్కించుకున్నారట. కామమ్మ మా వీధికి వచ్చి ఇదంతా చెబితే, కొడుకు వచ్చినందుకు బేబీరాణి ఏడ్చిందట. కథ మార్చినందుకు మాత్రం కోపం తెచ్చుకుందట. రాని తాబేలును రప్పిస్తే ఆ నీళ్ళలో వెలుగు ఎక్కడిదని అడిగిందట. చాలా రోజులు చేపలు కొనలేదట. ఆ రోజులు నాకు జ్ఞాపకమే. ఎందుకో మా ఇంట్లో వరసగా గుడ్లే వండింది.

“నాకూ కోపమొచ్చింది” అంది కామమ్మ. “వల నీదే టీచరమ్మా, తాడు నానూ పట్టినాను కదా, నా కొడుకు వచ్చినాడు కదా, నా ఇంట్లో తాబేలు రాకపోతే ఎలాగా అన్నాను. నవ్వీసింది. ఠీక్ హై, నీ ఇంట్లో అలాగే సెప్పుకో అంది.”

కామమ్మ అక్కడ ఆగింది. కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది.

“ఇది నీకు సెప్పొద్దంది. ఆస్పత్రిలో, నువ్వు టీ తేడానికెళ్ళినప్పుడు, నన్ను దగ్గరికి రమ్మంది. కామమ్మా, నీ కత సెప్పు అంది. నాది కాదు, నీది, తాబేలు వచ్చీసేది. సెప్పినాను. కళ్ళు మూసుకుని ఇంది. మీ ఆయన్ని అడక్కపోనావా అంటే, ఆయన నా కతలో మాట కూడా మార్చడు, మార్చమంటే ఏడుత్తాడు అంది.”

నాకు ఆ సాయంత్రం గుర్తుంది. టీ ఫ్లాస్కుతో లోపలికి వచ్చేసరికి ఇద్దరూ మాట్లాడడం ఆపారు. బేబీరాణి ముఖం అంతకు ముందు చాలా రోజులుగా లేనంత తేటగా ఉంది. కొత్త మందు పనిచేసిందనుకుని నర్సుకు దండం పెట్టాను. ఆ దండం ఎవరికి చేరాలో ఇన్నాళ్ళకు తెలిసింది.

పుస్తకం ఇంకా నా ఒళ్ళోనే ఉంది. ఎవరూ నన్ను తొందర పెట్టలేదు. ఆమె కథలో తాబేలు రాదు, అది అలాగే అచ్చులో ఉంది, అక్కడ ఎవరూ దాన్ని కదిలించడం లేదు. ఈ ఇంట్లో తాబేలు వచ్చింది, దానికీ ఆమె తన నోటితో సరే అంది, చివరికి తనే వచ్చి ఆ ఒడ్డున కూర్చుంది. సరే అనవలసినవాళ్ళలో నేను మాత్రమే మిగిలాను.

శ్రావణిని కాగితం తెమ్మన్నాను. హిందీలో రాస్తే తనూ చదువుకోగలదని హిందీలోనే రాశాను. నా భార్య కథను ఈ సినిమాగా, ఈ ముగింపుతో చూపించడానికి ఒప్పుకుంటున్నానని రాశాను. పేర్లు ఎలా వేయాలో కూడా రాసి, పైకి చదివాను. కథ బేబీరాణి. ముగింపు కామమ్మ. బొమ్మలు శ్రావణి.

కామమ్మ కంగారు పడింది. “నా పేరేటి బాబూ? నానేటి రాసినాను? సంతకం కూడా రాదు.”

“తాడు పట్టావు కదమ్మా” అన్నాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శ్రావణి కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, మడవకుండా, అలాగే కూర్చుండిపోయింది. కాసేపటికి, సినిమా ముందు టీచరమ్మ ఆఖరు కూడా ఎవరైనా చదివి వినిపిస్తే బాగుంటుంది కదా అంకుల్, మీరు చదువుతారా, అని అడిగింది. చదువుతానన్నాను.

బస్సు వెళ్ళిపోయింది. ఈ వానలో ఎక్కడికి వెళతావు, పడుకో అన్నారు. నా వాటా కానాగంతలను కామమ్మే పులుసు పెట్టింది. ముళ్ళు తీసుకుంటూ తిన్నాను. అన్నం మెత్తబడలేదు. ఇక్కడ తొందరగా చీకటి పడుతుంది, తొందరగానే పడుకుంటారు. ముందుగదిలో నాకు చాప పరిచి, ఉతికిన దుప్పటి ఇచ్చారు. దుప్పటికి ఎండ వాసన ఉంది. ఈ వానల్లో వాళ్ళకు ఎండ ఎక్కడ దొరికిందో మరి. పుస్తకం మళ్ళీ పటాల మధ్యకు వెళ్ళింది. శ్రావణి దాని పక్కనే కాగితం పెట్టి లోపలికి వెళ్ళింది.

తెరిచి ఉన్న తలుపులోంచి సముద్రం కనబడదు, వినబడుతుంది. లేచి తలుపు వెయ్యాలని అలవాటుగా గుర్తొచ్చింది. లేవలేదు. కళ్ళ మీదికి ఇసుక జారుతున్నట్టుంది, అల అవుతోంది, ఒడ్డవుతోంది. అప్పుడు కామమ్మ దీపం చేత్తో కాపాడుకుంటూ లోపలి గదిలోంచి వచ్చింది. నేను నిద్రపోయాననుకుంది కాబోలు, అడుగు చప్పుడు కాకుండా నడిచింది. గుమ్మంలో ఒక్క క్షణం ఆగి బయటికి చూసి, తలుపు దగ్గరగా లాగి, చప్పుడు రాకుండా వేలు అడ్డం పెట్టి గడియ వేసింది.